లాభం అనే ఊరు

నేను సైన్యంలో ఇరవై ఆరేళ్లు వంట చేశాను. యుద్ధం పుస్తకాల్లోకి తుపాకీ పట్టినవాడు ఎక్కుతాడు గాని గరిటె పట్టినవాడు ఎక్కడు. నేను ఎక్కాను. కాకపోతే మనిషిగా కాదు, ఊరుగా ఎక్కాను. నా నోటి మాట ఒకటి శ్రీలంక అడవిలో గ్రామం పేరైపోయి పాతికేళ్లుగా ఒక ఇంగ్లీషు పుస్తకంలో కూర్చుంది. ఆ లేని ఊరి వల్ల ఒక మంచి మనిషికి అబద్ధాలకోరని పేరొచ్చింది. దాన్ని ఎలా దిద్దామో రాస్తున్నాను.

నాకు అక్షరాలు అరవై ఒకటో ఏట వచ్చాయి. అందుకు సిగ్గుపడను. మా అమ్మానాన్నలు కూలికి ఊళ్లు తిరిగేవాళ్లు. బడి ఉన్న ఊరికి మేము ఎప్పుడు పోయినా కోతల కాలంలోనే పోయేవాళ్లం, అప్పుడు నా చేతిలో కొడవలి ఉండేది. సైన్యంలో వంటవాణ్ని చదువు అడగలేదు, వేలిముద్ర సరిపోయింది. కొలువు అయిపోయాక మయూర్ విహార్‌లో మా అమ్మాయి ఇంటికి వచ్చాను. ఆమెది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. ఢిల్లీ వీధుల్లో తెలుగు అక్షరం కనపడదు కాబట్టి మా వంటగది గోడకున్న తెలుగు క్యాలెండరే నాకు పలక అయింది. కూడబలుక్కుని నేను చదివిన మొదటి మాట "వర్జ్యం".

"నాన్నా, లోకంలో అందరూ అమ్మ, ఆవు అని మొదలెడతారు. నువ్వు వర్జ్యంతో మొదలెట్టావు" అని మా అమ్మాయి నవ్వింది.

"గట్టిది ముందు నమిలీసినామంటే మెత్తంది అదే దిగుతాది" అన్నాను. అలాగే దిగింది. ఏడాదిన్నరకు పేపరు చదివాను. ఇంగ్లీషు మాత్రం రాదు. ఇక నేర్చుకోను.

మా అమ్మాయి ఆఫీసులో పనిచేసే ఒకావిడ కూతురు వసంత్ కుంజ్ పక్కనున్న పెద్ద విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తోంది. వాళ్లది వరంగల్ వైపు. ఆఫీసావిడకు బదిలీ అయి వెళ్లిపోయింది, పిల్ల బేర్ సరాయ్‌లో గది తీసుకుని ఉండిపోయింది. అక్కడి మెస్సులో వారమంతా రాజ్మా, ఆలూ తిని నాలుక మొద్దుబారిపోతే ఆదివారం మెట్రో ఎక్కి మా ఇంటికి వచ్చేది. నేను చేపల పులుసు పెట్టేవాణ్ని. తింటూ ఆమె, వడ్డిస్తూ నేను మాట్లాడుకునేవాళ్లం. ఆమె రాసేది ద్వీపాల్లో జరిగిన అడవి యుద్ధాల చరిత్ర. మొదటిసారి విన్నప్పుడు నవ్వాను. బేర్ సరాయ్ సందులో కూర్చుని అడవి గురించి ఏం రాస్తుందీ అని. తర్వాత నవ్వలేదు. ఆమెకు చాలా తెలుసు.

పెద్ద యుద్ధంలో, అదే రెండో ప్రపంచ యుద్ధంలో, తూర్పు సముద్రాల ద్వీపాల మీద కొట్టుకున్న సైన్యాల గురించి చెప్పేది. ఏ దేశం వాడైనా ఒకటే పడ్డాడట. తూటా కన్నా ఎక్కువ మందిని మలేరియా, విరేచనాలు పడగొట్టాయట. ఆరని బూటులో పాదం కుళ్లేదట. పది అడుగుల అవతల ఆకు తప్ప మరేమీ కనపడక, చప్పుడైతే చాలు కాల్చి, తీరా చూస్తే తమవాడే అయ్యేవాడట. మకాం నుంచి వంద గజాలు పోయినవాడు దారి తెలియక తిరిగి రాని సంగతులు ఉన్నాయట. నేను గిన్నె పట్టుకుని నిలబడిపోయేవాణ్ని. ఆ ద్వీపాల పేర్లు నాకు పలకవు, కాని ఆ ఆకు నాకు తెలుసు.

"అందులో తిండి గురించి రాసినారా?" అని అడిగాను ఒకసారి.

"సప్లై గురించి రాసిండ్రు తాతా. తినుడు గురించి రాయలే."

"అయితే సగమే రాసినారు. అడవిలో పోపు వాసన అర మైలు పోతాది. పొగ అంతకన్నా ముందు పోతాది. మినుములు వేగిన వాసనకి మనిషి సచ్చిపోతాడు, తెలుసా నీకు? పెట్రోలింగుకి పోతే పొయ్యి ముట్టించకూడదు. ముందురోజే శకర్‌పారాలు, అదే తీపి పిండి బిళ్లలు, వేయించి సంచులు కట్టీసేవాణ్ని. మూడు రోజులు అవే, సెనగలు, బెల్లం."

ఆమె చేయి కడుక్కోకుండానే ఎడమ చేత్తో ఫోనులో రాసుకుంది.

అలా నాలుగైదు నెలలు గడిచాయి. ఫిబ్రవరిలో ఒక ఆదివారం బాల్కనీలో ఎండకు కూర్చున్నాం. మా అమ్మాయి నారింజ తొక్కలు తీస్తోంది. పిల్ల మామూలుగా, ఏదో చిరునామా అడిగినట్టు అడిగింది.

"తాతా, మీరు లంకల ఉన్నరు గద. అక్కడ లాభం అని ఊరు ఉన్నదా?"

"ఏ ఊరు?"

"లాభం. ఇంకోటి అరునోక్తి. రెండూ ఏ మ్యాపుల లేవు."

నేను కుర్చీలో ముందుకు జరిగాను. మా అమ్మాయి నారింజ పక్కన పెట్టి, "ఏంటి నాన్నా?" అంది. ఎవరు రాశారు, ఎక్కడ రాశారు, చదివి చెప్పమని పిల్లను అడిగాను.

ఆమె చెప్పింది ఇదీ. లంకలో మన సైన్యం పనిచేసిన రోజుల మీద ఒక పుస్తకం ఉంది. అందులో ఒక కెప్టెన్ నడిపిన పెట్రోలింగు గురించి పేజీన్నర ఉంది. పదకొండు మంది, గాయపడిన ఒకణ్ని మోసుకుంటూ, దారిలేని అడవిలో లాభం అనే ఊరి మీదుగా, అరునోక్తి అనే ఊరి మీదుగా రోడ్డుకు చేరారని. కిందటి ఏడాది ఇంకో రచయిత ఆ పేజీన్నర పట్టుకున్నాడు. పాత పటాలు, ఉపగ్రహ పటాలు అన్నీ వెతికాడు. లాభం లేదు, అరునోక్తి లేదు. కాబట్టి ఆ కెప్టెన్ అంత దూరం పోనేలేదని, మకాం దగ్గరే ఎక్కడో కూర్చుని లేని ఊళ్ల పేర్లు కల్పించి డైరీ రాసుకున్నాడని ఒక పత్రికలో రాశాడు. అడవి యుద్ధాల డైరీలను నమ్మలేమనడానికి దాన్నే ఉదాహరణ చేశాడు. మా పిల్ల కూడా తన అధ్యాయంలో ఆ మాటే రాయబోతోంది. పదిహేను రోజుల్లో తన ప్రొఫెసరుకు ఇవ్వాలి.

"ఆ పదకొండో మనిషిని నానే" అన్నాను. "లాభం ఊరు కాదు పిల్లా. లాభం అంటే ఒకటి."

ఇద్దరూ నా మొహం చూశారు. మా అమ్మాయికి కూడా తెలియదు. కంటోన్మెంట్లలో పెరిగిన పిల్ల, ధాన్యం కొలవడం ఎప్పుడు చూసింది?

మా అమ్మ కళ్లంలో కుంచంతో ధాన్యం కొలిచేది. కొలిచేటప్పుడు ఒకటి అనకూడదు. ఒంటిది అన్న మాట రాశి ముందు పలకరు. మొదటి కుంచం పోస్తూ "లాభం" అనాలి. తర్వాత రెండు, మూడు. ఏడు దగ్గర మళ్లీ అడ్డం. ఏడు అంటే ఏడుపు. మా ఇంట్లో ఏడో కుంచాన్ని "ఆరున్నొకటి" అనేవాళ్లం. నేను గట్టు మీద కూర్చుని గులకరాళ్లు పెట్టి ఆమె లెక్క సరిచూసేవాణ్ని. అదే నా బడి. సైన్యంలో చేరాక హిందీలో మాట్లాడాను, తిట్టాను, తిట్లు తిన్నాను, లెక్కలు కూడా హిందీలోనే చెప్పాను. కాని కొలత దగ్గర ఏక్ అని, సాత్ అని నా నోట ఏనాడూ రాలేదు. మిగతావి దో, తీన్, చార్ అని హాయిగా అనేవాణ్ని. ఆ రెండూ మాత్రం లాభం, ఆరున్నొకటి. ఇది తప్పే అనుకోండి. ఆ తప్పు వల్లనే ఇంత కథ.

లంకలో మా కంపెనీ మకాం అడవి అంచున ఉండేది. జ్వరాలతో సగం మంది మంచం మీదున్నారు. అడవిలో పెట్రోలింగుకు పోయేటప్పుడు ఒక మనిషికి అడుగులు లెక్కపెట్టడమే పని. అక్కడ కొండ కనపడదు, గుడి గోపురం కనపడదు. దిక్సూచి దిక్కు చెబుతుంది గాని ఎంత దూరం వచ్చావో చెప్పదు. అది చెప్పేది అడుగే. లెక్క తప్పితే ఎక్కడున్నావో దేవుడికి తెలియాలి. మా లెక్క మనిషి కూడా జ్వరంతో పడిపోయాడు.

కెప్టెన్ సాబ్ నా వంటశాలకు వచ్చిన పొద్దున నేను డబ్బాతో బియ్యం కొలుస్తున్నాను. ఇద్దరు హవల్దార్లు ఉల్లిపాయల కోసం నా నెత్తి మీద నిలబడి పోట్లాడుకుంటున్నారు. ఇద్దరికీ జవాబు చెబుతూనే కొలుస్తున్నాను. ఆయన కాసేపు చూసి నన్ను ఒకటొకటే అడగసాగాడు. ఏ ఊరు, పెళ్లయిందా, పిల్లలెందరు, నిన్నటి పప్పులో రాళ్లెందుకున్నాయి. అన్నిటికీ చెప్పాను. పప్పులో రాళ్లు స్టోరువాడి పని అని కూడా చెప్పాను. డబ్బా ఆగలేదు, లెక్క తప్పలేదు. ఆయన పక్కనున్న సుబేదారుతో, "ఈ మనిషిని నాకివ్వండి" అన్నాడు.

"సాబ్, లాంగ్రీ హై!" అన్నాడు సుబేదారు. లాంగ్రీ అంటే వంటవాడు. ఏదో మేకను అడిగినట్టు చూశాడు.

"తుపాకులు నా దగ్గర పది ఉన్నాయి. నాకు లెక్క కావాలి" అన్నాడు సాబ్.

తర్వాత నాతో, "ఆ మొదటి డబ్బాకు ఏమన్నావ్?" అని అడిగాడు.

"లాభం సాబ్. ఏక్ అన్నమాట."

"మరి ఏక్ అనవేం?"

"అనకూడదు సాబ్."

"ఎందుకు?"

"అంటే తరుగుతుంది సాబ్."

ఆయన పెద్దగా నవ్వాడు. "ఠీక్ హై. ఈ అడవిలో ఒక్క లాభమైనా ఉంటే మంచిదే. నువ్వు ఎలా అంటే నేను అలాగే రాస్తాను" అన్నాడు. ఎందుకంటే ఇంకో పేరు పెడితే నాకు తికమక అవుతుందని. పెద్ద చదువు చదివినవాడు, చదువు రానివాడి మాటకు తన కలం వంచాడు. అలాంటి వాళ్లను నేను ఎక్కువ మందిని చూడలేదు.

పద్ధతి ఇది. కుడికాలు పడ్డప్పుడల్లా ఒకటి. నూరు కుడికాళ్లయితే ఒక కొలత, నడుముకున్న తాడుకు ఒక ముడి. ముడి వేయగానే ముందున్న సాబ్ చెవిలో చెప్పాలి. పది కొలతలు అయ్యాక మళ్లీ లాభం నుంచి మొదలు. చెట్టు అడ్డం వచ్చి పక్కకు తిరిగితే ఆ అడుగులు లెక్కలోకి రావు. మళ్లీ గీత మీదికి వచ్చాక అందుకోవాలి. ఆయన చెవికి ఏది వినపడితే అది వేళ వేసి ఇంగ్లీషులో రాసుకునేవాడు. రెండు నుంచి ఆరు, ఎనిమిది నుంచి పది అంకెలు. ఆ రెండూ మాత్రం మాటలు, ఆరున్నొకటి ఆయన కలంలో అరునోక్తి అయింది.

మూడో రోజు కాల్పులు జరిగాయి. అర నిమిషం. ఎవరు ఎక్కడ నుంచి కొట్టారో ఈనాటికీ తెలియదు. మాలో బలమైన మనిషికి, ఒక లాన్స్ నాయక్‌కు, తొడలో తూటా దిగింది. రేడియో తడిసి మూగబోయింది. అడవిలో వచ్చిన దారిన తిరిగి పోకూడదు. అక్కడ నీ కోసం ఎవడో కూర్చుని ఉంటాడు. కాబట్టి కొత్త గీత కొట్టుకుని తూర్పుగా పోయి పాత రోడ్డు పట్టుకోవాలి. రోడ్డు మీద చిన్న వంతెన ఉంది, అక్కడ మన బండ్లు ఉంటాయి. వంతెనకు ఎగువన తేలితే ఒక ప్రమాదం, దిగువన తేలితే ఇంకో ప్రమాదం. ఎక్కడ ఎడమకు మళ్లాలో లెక్క చెప్పాల్సిందే. దిక్కు ఆయనది, దూరం నాది.

రెండున్నర రోజులు నడిచాం. వంతులవారీగా వాణ్ని మోశారు. నన్ను మోయనివ్వలేదు. భుజం మీద బరువుంటే అడుగు మారుతుందని సాబ్ ఒప్పుకోలేదు. మిగతావాళ్లంతా బరువు మోస్తుంటే నేను ఒట్టి చేతులతో నడిచాను, అది నాకు బరువుకన్నా బరువైంది. జలగలు కాళ్ల నుంచి తీయడానికి వంగితే లెక్క పోతుందని వంగలేదు. ఆగినప్పుడు చూసుకుంటే ఎడమ పిక్క మీద పద్నాలుగు. అవి కూడా లాభం నుంచే లెక్కపెట్టాను.

తొమ్మిదో లాభం దాటి ఆరున్నొకటి దగ్గర ఎడమకు మళ్లాం. పన్నెండో లాభం అన్నాక కాసేపటికి ఆకు గోడ చీలి ఎండ పడింది. రోడ్డు. కుడి పక్కన నలభై అడుగుల్లో వంతెన. అంత అడవికి తేడా నలభై అడుగులు! నేను ఇరవై ఆరేళ్లలో వండిన అన్నం అంతా ఒక ఎత్తు, ఆ నలభై అడుగులు ఒక ఎత్తు. గాయపడినవాడు బతికాడు. కుంటుకుంటూనైనా కూతురి పెళ్లిలో నడిచాడు, నేను చూశాను.

ఇదంతా బాల్కనీలో చెప్పాను. మా అమ్మాయి కళ్లు తుడుచుకుంది. పిల్ల తుడుచుకోలేదు. ఆమె నోటుబుక్కు మూసి, మెల్లగా అంది.

"తాతా, నేను నమ్ముత. గని మా సార్ నమ్మడు. మీరు గిప్పుడు ఈ పేరు విన్నంక చెప్పిన్రు అంటడు. ముప్పై ఏండ్ల తర్వాత చెప్పిన ముచ్చట సాక్ష్యం కాదంటడు."

నాకు ఒళ్లు మండింది. "నాను అబద్ధమాడతానా?"

"మీరు ఆడరు. కాగితం కావాలె."

"కాగితం! అడుగు ఏసింది నాను, కాగితం ఏటి సెప్తాది నీకు? మీ సార్‌ని ఒకసారి ఆ అడవిలో దింపు. కాగితం పరుచుకుని పడుకుంటాడు."

"నాన్నా!" అంది మా అమ్మాయి.

పిల్ల కోపం తెచ్చుకోలేదు. "గాలికి అరిస్తే ఆ కెప్టెన్‌కు ఏమొస్తది తాతా?" అంది. ఆయన లేడు. లంక నుంచి వచ్చిన నాలుగేళ్లకు కొండ రోడ్డు మీద బండి బోల్తాపడి పోయాడు. అది నాకు తెలుసు. తెలియనిది ఆమె చెప్పింది. ఆయన అక్క నోయిడాలో ఉంటుంది. డైరీ ఆమె దగ్గరుంది. పిల్లకు నకళ్లు ఇచ్చేటప్పుడు ఆవిడ ఒకే ఒక్క మాట అడిగిందట, నా తమ్ముడు అబద్ధం రాశాడో లేదో తేల్చి చెప్పమ్మా అని. పత్రికలో ఆ వ్యాసం వచ్చినప్పటి నుంచి ఆవిడ తమ్ముడి ఫొటో దగ్గర దీపం పెట్టడం మానేసింది.

"నకళ్లా? డైరీ నకళ్లు నీ కాడ ఉన్నాయా?"

"ఉన్నయి. వానకు అంచులు అలికిపోయినయి. పుస్తకంల ఉన్నదే గద అని నేను పూర్తిగ చదువలే." ఈ మాట అంటూ తల వంచుకుంది.

మరుసటి ఆదివారం ఆ కాగితాలు భోజనాల బల్ల మీద పరిచాం. ఇంగ్లీషు నాకు రాదు గాని, అరవై ఏళ్ల పైబడి అక్షరాలు నేర్చిన కన్ను ఆకారాన్ని వదలదు. లాభం అని రాసినది ఒకటి చూపించమన్నాను. చూపించింది. ఆ ఆకారం పోల్చుకుంటూ నేను వేలు పెట్టాను, ఆమె ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది. అరునోక్తికి నీలం. పుస్తకం రాసినవాడు ఆ పేర్లను చెరోసారి తీసుకుని మిగతావి వదిలేశాడు. డైరీలో ఆ తిరుగుదారి పొడవునా అవే ఉన్నాయి.

ఎర్రవి పన్నెండు. నీలంవి పదకొండు.

ఆమె పెన్ను నోట్లో పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత వేళలు ఒక పక్క రాసుకుంటూ పోయింది. ప్రతి ఎర్ర సున్నా తర్వాత రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, అప్పుడు నీలం. తర్వాత ఎనిమిది, తొమ్మిది, పది, మళ్లీ ఎర్ర. ఎక్కడా క్రమం చెడలేదు. పుస్తకంవాడు ఆ అంకెల్ని లాభం ఊరి నుంచి రెండు మైళ్లు, మూడు మైళ్లు అనుకున్నాడు.

"ఒకే ఊరు పన్నెండుసార్లు అడ్డం రాదు గద" అంది చివరికి, తనలో తాను.

"వస్తాది. దారి తప్పి గుండ్రంగా తిరిగితే వస్తాది" అన్నాను. ఎదుటివాడు ఏమంటాడో ముందే అనుకోవడం మంచిది.

"గుండ్రంగ తిరిగితే గింత సక్కగ తిరగరు తాతా. ఇది లెక్కనే." అని లేచి నా వీపు మీద చరిచింది. ఆ చరుపుకు పొలమారింది నాకు.

అయినా ఆమెకు ఒక అనుమానం మిగిలింది. మాట్లాడుతూ, తడబడుతూ నడిచే మనిషి అంత దూరం లెక్క నిలుపుకోగలడా అని. అనుమానం ఉంటే తీర్చుకో అన్నాను. వాళ్ల బేర్ సరాయ్ దగ్గర తుమ్మచెట్ల అడవి ఉంది. లంక ముందు అది కొత్తిమీర మడి. పొద్దున తొమ్మిదింటికి అక్కడ దిగాం. నేను నడిచాను, ఆమె పక్కనే ఫోనులో వీడియో తీస్తూ నడుస్తూ నోటికొచ్చింది అడిగింది. పులుసులో చింతపండు ఎంత, మీ ఆవిడను మొదటిసారి ఎక్కడ చూశారు, మా సార్‌ను ఏమని తిడతారు. అన్నిటికీ చెప్పాను. సార్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాను. పది ముళ్లు వేసి ఆగాను.

"నా లెక్కల వెయ్యికి మూడు తక్కువున్నది. కుడికాలు ఎన్నిసార్లు పడిందో నేను కూడ లెక్కపెట్టిన" అంది.

"మూడు నువ్వు తప్పినావు."

ఆమె వాదించింది. వీడియో తీసింది కదా, వెనక్కి వేసి చూసుకుంది. రెండు తను తప్పింది, ఒకటి నేను తప్పాను. అది ఒప్పుకుంటున్నాను. కుక్క అడ్డం వచ్చింది. దూరం మాత్రం మునుపటికన్నా చాలా తక్కువ వచ్చింది. మోకాళ్లు అరిగాక అడుగు పొట్టిదవుతుంది, దానికి లెక్క ఏం చేస్తుంది?

ఆమె అధ్యాయం తిరగరాసింది. ఎర్ర, నీలం సున్నాల కాగితాలు జతచేసింది. సార్ రెండు రోజులు ఉంచుకుని, క్రమం కాదనలేనిదని, ఆ పత్రికకు కూడా దిద్దుబాటు పంపమని చెప్పాడట. నేను తిట్టిన తిట్లలో సగం వెనక్కి తీసుకున్నాను.

తర్వాత నోయిడా వెళ్లాం, నేనూ పిల్లా. మయూర్ విహార్ నుంచి ఎంతో దూరం లేదు. ఇన్నేళ్లూ ఆయన అక్క అంత దగ్గర ఉందని తెలియకుండా బతికాను. డెబ్బై ఐదు దాటినావిడ, నిటారుగా కూర్చునే మనిషి. నన్ను కుర్చీలో కూర్చోమంది. నమస్తే దీదీ అని కూర్చున్నాను. పిల్ల సంగతి చెప్పబోతే ఆవిడ చెయ్యెత్తి ఆపి లోపలి నుంచి అసలు డైరీ తెచ్చింది. అట్ట ఉబ్బిపోయి ఉంది.

"మీకు ఇంగ్లీషు రాదు. నాకు మీ భాష రాదు. కలిసి చదువుదాం" అంది హిందీలో.

అలాగే చదివాం. ఆవిడ ఇంగ్లీషు చదివి హిందీలో చెబుతుంది. లాభం దగ్గర ఆగి నా వైపు చూస్తుంది. నేను ఆ చోటు చెబుతాను. ఇది ఎండిన చెరువు గట్టు, ఇది వెదురు పొద, ఇక్కడ వాణ్ని దింపి కట్టు మార్చాం. ప్రతి లాభం నాకు గుర్తుంది. ఊరు కాదు అన్నానే గాని, నాకు అవి పన్నెండూ ఊళ్లే.

పదో లాభం దగ్గర ఒక వాక్యం చదివి ఆవిడ హిందీలో చెప్పింది. "నేను రెండుసార్లు పొరబడ్డాను. వంటవాడు ఒక్కసారి కూడా పొరబడలేదు."

"మళ్లీ చదవండి దీదీ."

చదివింది.

"ఇంకోసారి."

ఆవిడ మూడోసారి కూడా చదివింది. ఆ మాట ఆయన నాతో ఎప్పుడూ అనలేదు. వంతెన దగ్గర భుజం తట్టి చాయ్ పెట్టమన్నాడంతే.

డైరీ మూశాక ఆవిడ అద్దాలు తీసి, నిజం చెప్పండి, నా తమ్ముడు ఏదైనా అబద్ధం ఆడాడా అని సూటిగా అడిగింది. "సచ్ బతాఇయే. మేరే భాయీ నే కోయీ ఝూఠ్ బోలా?"

"బోలా దీదీ. ఏక్ బార్" అన్నాను. ఆడాడు, ఒక్కసారి అని.

పిల్ల నా మోచేయి గట్టిగా గిల్లింది. ఆవిడ మొహం రాయిలా అయిపోయింది. నేను చెప్పాను. తిరుగుదారిలో రెండో రోజుకే తిండి అయిపోవచ్చింది. నా చేత్తో వేయించిన శకర్‌పారాలు, నా చేత్తో పంచిన వాటాలు. సాబ్ వాటా గాయపడినవాడి నోట్లోకి పోతోంది. అడిగితే "ఖా లియా", తినేశాను అన్నాడు. తినలేదు. రెండున్నర రోజుల్లో ఆయన తిన్నది బెల్లం ముక్క. ఎవరు తిన్నారో ఎవరు తినలేదో వంటవాడికి తెలియకుండా పోతుందా?

ఆవిడ అద్దాలు మళ్లీ పెట్టుకుంది. "చిన్నప్పుడూ అంతే. తినకుండానే తిన్నానని కంచం ఎత్తేసేవాడు" అంది. తర్వాత పిల్ల వైపు తిరిగి, "ఇది కూడా రాయి" అంది.

"ఆంటీ, థీసిస్‌లో ఇది పట్టదు."

"పట్టించు" అన్నాం ఇద్దరం, ఆవిడ హిందీలో, నేను తెలుగులో.